రేడియోధార్మిక పదార్థాల రవాణా: వికిరణ ప్రభావం

రేడియోధార్మిక పదార్థాలను తరలించేటప్పుడు డ్రైవర్లకు, హమాలీలకు, దారి పక్కన ఉండేవారికి వికిరణం రెండు విధాలుగా తగులుతుంది. పెట్టె భద్రంగా ఉన్నా దాని గోడల్లోంచి కొంత బయటికి వస్తుంది. పెట్టె పగిలినా, సరుకు జారిపోయినా వచ్చేది వేరు. అణు సరుకు అనగానే జనం భయపడేది వాడేసిన ఇంధనాన్ని మోసే భారీ ఉక్కు పీపాలను చూసి. నిజానికి ఎక్కువ కాపలా కావలసింది ఆసుపత్రులకు, గనులకు వెళ్లే చిన్న పెట్టెలకు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిబంధనల ప్రకారం ఆ పీపాలు 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం కుంగని తలం మీద పడినా, 800 డిగ్రీల సెల్సియస్ మంటలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. 1984 జులై 17న బ్రిటన్‌లోని ఓల్డ్ డాల్బీలో, ఇంధనం లేని పీపాను పట్టాల మీద పెట్టి గంటకు 160 కిలోమీటర్ల వేగంతో రైలును గుద్దించారు. ఇంజను నుజ్జయింది, పీపా నిలిచింది. అసలు ప్రమాదంలో మంట అరగంటలో ఆరిపోతుందన్న హామీ లేదు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే కింద పడేసే పరీక్షలో దెబ్బంతా పీపాయే భరిస్తుంది. మట్టి నేల అయితే తానూ కుంగి కొంత పంచుకుంటుంది.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో రైలూ గుద్దలేదు, మంటా లేవలేదు. న్యూమన్ దగ్గరి గని నుంచి పెర్త్‌కు లారీలో వచ్చిన, సాంద్రత కొలిచే పరికరాన్ని విప్పి చూస్తే అది విరిగి ఉంది. ఒక బోల్టు లేదు, 19 గిగాబెకెరెళ్ల రేడియోధార్మికత ఉన్న సీసియం-137 గుళికా లేదు. గుళిక మందం 6 మిల్లీమీటర్లు, పొడవు 8. సుమారు 1400 కిలోమీటర్ల దారిలో గాలించి ఫిబ్రవరి 1న రోడ్డు పక్కన దొరకబుచ్చుకున్నారు. ఎవరికీ హాని జరగలేదు కదా అనవచ్చు. అది మనుషులు పలచగా ఉండే ఎడారి దారి కాబట్టి జరగలేదు. మీటరు దూరంలోనే అది గంటకు 2 మిల్లీసీవర్ట్‌ల దాకా వికిరణ మోతాదు ఇస్తుంది; సామాన్య ప్రజలకు ఏడాది మొత్తానికి పరిమితి 1. జేబులో వేసుకున్నవాడి గతి చెప్పనక్కర్లేదు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, మూతపడ్డ వైద్యశాలలో వదిలేసిన సీసియం-137 ఏమిటో తెలియనివారి చేతుల్లో పడి నలుగురు చనిపోయారు. అది ఎన్నో రెట్లు బలమైనదే, కానీ తెలియక చేతికెత్తుకోవడం అన్నది రెండు చోట్లా ఒకే ముప్పు.

పెట్టె భద్రంగా ఉన్నప్పుడు మోసేవారి లెక్క ఇంకోటి. మూడు రేకుల గుర్తున్న పసుపు చీటీ మీద రవాణా సూచిక అనే అంకె ఉంటుంది. అది 10 అయితే మీటరు దూరంలో గంటకు 0.1 మిల్లీసీవర్ట్, పది గంటలు అక్కడే నిలబడితే ఏడాది పరిమితి పూర్తవుతుంది. రెండు మీటర్లకు జరిగితే దాదాపు నాలుగో వంతే తగులుతుంది. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు వస్తున్నాయి, ఇదెంత అంటారు కొందరు. రోజూ అవే పెట్టెలు ఎత్తే మనిషికి ఇది దానిపైన అదనం, ఏటికేడు కూడుతూ పోయేది. అందుకే ఆ అంకె అర్థం అతనికి అతని భాషలో చెప్పాలి. పెట్టె బయల్దేరేటప్పుడు, మళ్లీ చేరిన రోజే, వికిరణాన్ని కొలవాలి. జనవరి 16న పెర్త్ చేరిన ఆ గని పరికరం పెట్టెను 25 దాకా ఎవరూ విప్పి చూడలేదు.