విష్ణుకుండి రాజులు, పట్టమహిషులు

విష్ణుకుండినులు సుమారు క్రీ.శ. 5–7 శతాబ్దాల మధ్య తెలుగు నేలను ఏలిన రాజవంశం. వీరి ముఖ్య స్థావరాల్లో ఒకటి నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, శామీర్‌పేటకు ఆగ్నేయ దిక్కున ఉన్న కీసరగుట్ట. పురావస్తు శాఖ తవ్వకాల్లో ఇక్కడ ఇటుక కోటగోడ, కట్టడాల పునాదులు, ఆనాటి నాణేలు బయటపడ్డాయి. ఈ వంశపు రాజుల విజయాలను శాసనాలు విరివిగా కీర్తించాయి. రాణుల గురించి చెప్పింది మాత్రం తక్కువ. ఆ తక్కువలోనే వంశ చరిత్రను మలిచిన రెండు ఘట్టాలున్నాయి.

గోవిందవర్మ, పరమభట్టారికా మహాదేవి

మొదటి గోవిందవర్మ బౌద్ధాన్ని ఆదరించాడు. మూసీ ఒడ్డున, నేటి హైదరాబాద్ చైతన్యపురిలో ఒక బండ మీది ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. అతని రాణి పరమభట్టారికా మహాదేవి ఇంద్రపురంలో మరో మహావిహారం కట్టించింది. ఇంద్రపురమే నేటి యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెం. అక్కడ దొరికిన రెండు జతల రాగిరేకులను పరిశోధకుడు బి.ఎన్. శాస్త్రి వెలుగులోకి తెచ్చారు. రాణి విహారానికి గోవిందవర్మ చేసిన దానం మొదటి జతలో ఉంది. రెండో జత శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566 నాటిది. అందులో గోవిందవర్మ మునిమనవడి కొడుకైన రెండో విక్రమేంద్రవర్మ అదే విహారానికి ఒక ఊరిని దానమిచ్చాడు. నాలుగు తరాలు గడిచినా ఆ రాణి నిలిపిన ధర్మం నడుస్తూనే ఉందన్నమాట.

మాధవవర్మ, వాకాటక రాకుమారి

గోవిందవర్మ కొడుకు రెండో మాధవవర్మ వైదిక మార్గం పట్టాడు. పదకొండు అశ్వమేధాలు చేశాడని శాసనాలు చెబుతాయి. విదర్భను ఏలిన వాకాటకుల ఆడపడుచును అతడు పెళ్లాడాడు. ఆమె సొంత పేరు శాసనాల్లో లేదు. చరిత్రకారులు పుట్టింటి పేరుతో వాకాటక మహాదేవి అంటారు. ఆమె కొడుకు మొదటి విక్రమేంద్రవర్మ. అతని పుట్టుక విష్ణుకుండి, వాకాటక వంశాలు రెండింటికీ అలంకారమని చిక్కుళ్ల శాసనం పొగుడుతుంది. తల్లి కులాన్ని తండ్రి కులం పక్కన నిలిపి చెప్పారంటే ఈ వియ్యం వల్ల వంశానికి ఎంత గౌరవం దక్కిందో తెలుస్తుంది. అంతకుముందు గుప్త చక్రవర్తి రెండో చంద్రగుప్తుడు కూడా తన కూతురు ప్రభావతీగుప్తను వాకాటకులకే ఇచ్చాడు. భర్త రెండో రుద్రసేనుడు పోయాక ఆమె చిన్నపిల్లలైన కొడుకుల తరఫున రాజ్యం నడిపి, తన పేరనే శాసనాలు వేయించింది. దక్కనులో ఇంతటి స్థానం పొందిన రాణులు అరుదు.

కీసరగుట్టలో మిగిలినవి

ఇప్పుడు గుట్టెక్కితే రామలింగేశ్వరాలయం చుట్టూ ఎండకు కాగుతున్న శివలింగాలు కనిపిస్తాయి. ఇక్కడే ఒక బండ మీద ‘తొలుచువాండ్రు’ అన్న తెలుగు మాట చెక్కి ఉంది. రాయి తొలిచే పనివాళ్లని దాని అర్థం. మనకు దొరికిన తొలి తెలుగు మాటల్లో ఇదొకటి. శిల్పులు పనిపేరుతో మిగిలారు, ఒక రాణి పుట్టింటి పేరుతో, మరో రాణి ‘పరమభట్టారికా మహాదేవి’ అన్న బిరుదుతో. కాబట్టి విష్ణుకుండి చరిత్ర చదివేటప్పుడు అశ్వమేధాల లెక్కతో పాటు ఆ విహారాన్నీ ఆ వియ్యాన్నీ గుర్తుంచుకోవాలి.