టెలిఫోను డైరెక్టరీ: ఉమ్మడి జ్ఞానమా, సొంత ఆస్తా?

ఇంటర్నెట్ వచ్చింది కాబట్టి అచ్చు డైరెక్టరీ పోయింది అంటారు. ఇది సగం నిజం మాత్రమే. ఒక వస్తువు అంతరించినప్పుడు దానిలోని జ్ఞానం ఎవరి చేతికి పోయిందని కూడా చరిత్ర అడగాలి.

1878లో అమెరికాలోని న్యూహేవెన్‌లో వెలువడిన మొదటి డైరెక్టరీ ఒకే ఒక్క అట్టకాగితం. అందులో సుమారు 50 మంది చందాదారుల పేర్లున్నాయి, నంబర్లు లేవు. పేరు చెబితే ఆపరేటరు కలిపేవాడు. 1879లో లోవెల్ పట్టణంలో తట్టు వ్యాపించినప్పుడు, ఆపరేటర్లందరూ మంచం పడితే గతేమిటన్న భయంతో ఒక వైద్యుడు నంబర్లు పెట్టమని సూచించాడు. నంబర్లుంటే కొత్తవాడైనా ఆ పని చెయ్యగలడు. ఆ విధంగా పనివాడి తలలోని నేర్పు పుస్తకంలోకి చేరింది.

ఆ పుస్తకం ప్రజలందరిదీ అనలేం. ఫోను కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మన దేశంలో అది చాలాకాలం కలిగినవారి జాబితాయే. అయినా అది బహిరంగమైన జాబితా. తన పేరు అందులో ఎలా ఉందో ఎవరైనా తిరగవేసి చూసుకోవచ్చు. అక్షరక్రమం ముందు మిల్లు యజమానీ, బడిపంతులూ ఒకటే.

ఈ జాబితా తన ఆస్తి అని కాన్సాస్ రాష్ట్రంలోని ఒక టెలిఫోను కంపెనీ వాదించింది. శ్రమపడి పోగుచేసినంత మాత్రాన యథార్థాలపై కాపీరైటు రాదని 1991లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

యంత్రమే ఈ హక్కును మింగిందా? కాదు. ఫ్రాన్సులో 1980లలో ప్రభుత్వ టెలిఫోను శాఖ మినిటెల్ యంత్రాలను ఉచితంగా పంచి, డైరెక్టరీని తెరమీదికి తెచ్చింది. మొదటి మూడు నిమిషాలకు రుసుము లేదు. అది 2012 జూన్ 30న ఆగిపోయింది. కాగితం పోవడం వేరు, ఉమ్మడి హక్కు పోవడం వేరు అని ఆ అనుభవం తెలుపుతుంది.

బ్రిటన్‌లో 1966లో బ్రైటన్‌లో పుట్టిన ఎల్లో పేజెస్, 2019లో ఆ ఊళ్ళోనే చివరి ప్రతితో ముగిసింది. కాని జాబితా చావలేదు, చేతులు మారింది. నేడు ఒక మిత్రుడు తన ఫోనులోని పేర్లన్నీ ఒక యాప్‌కు అప్పగిస్తే, మన అనుమతి లేకుండానే మన పేరూ అందులో చేరుతుంది. ఆ పుస్తకాన్ని కంపెనీ తిరగవేస్తుంది, మనం తిరగవేయలేం.

డైరెక్టరీ మన గుట్టు బయటపెట్టేదన్న విమర్శ సబబే. కాని అచ్చులో పేరు వద్దని చెప్పే వీలు చాలాచోట్ల ఉండేది. కాబట్టి మనం కోరవలసింది పాత కాగితం కాదు. మన పేరు ఏ జాబితాలో ఉందో చూసే హక్కు, దిద్దించే హక్కు, తీసివేయించే హక్కు: వీటికోసం పోరాడాలి.