గ్రామఫోను ప్లేటు నుంచి బైకు జీపీఎస్ దాకా

మైనపు పళ్ళెం మీద గాడి కోసి గ్రామఫోను రికార్డు తీసే పద్ధతికి 1901లో అమెరికాలో పేటెంటు పొందిన జోసెఫ్ డబ్ల్యూ. జోన్స్, 1909లో దారి చెప్పే ప్లేటు కూడా చేశాడు. పాట పళ్ళెం, దారి పళ్ళెం, రెండూ ఒకే మనిషి బుర్రలో పుట్టాయి! బైకుకు ఏ జీపీఎస్ కొనాలా అని వెతుకుతుంటే ఈ సంగతి దొరికింది. ఇక కొనడం పక్కనపెట్టి జోన్స్ వెంట పడ్డాను.

ఆయన పరికరం పేరు జోన్స్ లైవ్ మ్యాప్. గాజు మూత ఉన్న గుండ్రటి ఇత్తడి డబ్బా, అందులో ఒక కాగితపు పళ్ళెం. పళ్ళెం అంచు చుట్టూ మైళ్ళ అంకెలు, ఒక్కో అంకె పక్కన ఆ చోట ఏం చేయాలో అచ్చు వేసి ఉంటుంది: ఎడమకు తిరుగు, రైలు పట్టాలు దాటు, వంతెన ఎక్కు. కారు చక్రం నుంచి వచ్చే కేబులు పళ్ళాన్ని నెమ్మదిగా తిప్పుతుంది. కదలని ముల్లు కిందికి ఏ గీత వస్తే మీరు అక్కడున్నట్టు. ఒక్కో పళ్ళెం సుమారు 100 మైళ్ళకు సరిపోతుంది. అది అయిపోతే బండి ఆపి తరవాతి పళ్ళెం వేసుకోవాలి, పాట అయ్యాక ప్లేటు మార్చినట్టే.

అప్పట్లో అమెరికా పల్లె రోడ్ల మీద ఊరి పేరు చెప్పే బోర్డులు చాలా తక్కువ. బ్లూ బుక్ అని లావుపాటి పుస్తకాలు వచ్చేవి. ఏ మైలు దగ్గర ఏ గుర్తు చూసి ఎటు తిరగాలో వాటిలో వరసగా రాసేవారు. పక్క సీట్లో కూచుని ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఒంటరిగా వెళ్ళేవాడి గతేమిటి? జోన్స్ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. నడిపేవాడికి దేశం పటమంతా అక్కర్లేదు. ముందున్న మలుపు ఎటు, అది ఎంత దూరంలో ఉంది, ఈ రెండూ చాలు. వందేళ్ళు దాటినా ఇంతకన్నా మంచి మాట ఈ రంగంలో ఎవరూ చెప్పలేదని నా అభిప్రాయం.

లోపం లేకపోలేదు. ఆ పళ్ళేనికి తెలిసింది చక్రం తిరగడం ఒక్కటే. దారి తప్పి రెండు మైళ్ళు పక్కకు వెళ్ళొస్తే పళ్ళెం నాలుగు మైళ్ళు ముందుకు జరిగిపోతుంది. రోడ్డు మూసేస్తే దానికి తెలిసే వీలే లేదు. మనిషే చూసుకుని సరిచేయాలి.

1920లలో ఇంగ్లండులో ఇంకో వింత వచ్చింది. ప్లస్ ఫోర్స్ రూట్‌ఫైండర్ అనే చేతి గడియారం లాంటి వస్తువు. గడియారం ముఖం ఉండాల్సిన చోట సన్నటి కాగితపు పటం, దానికి అటూ ఇటూ చిన్న చిన్న రోలర్లు. వెళ్ళే దారికి తగిన చుట్ట ఎక్కించి, ముందుకు సాగేకొద్దీ పిడి తిప్పుకుంటూ పోవాలి. 1930లలో ఇటలీవాళ్ళు ఇటెర్ ఆటో పేరుతో కారుకు అమర్చే చుట్ట పటం చేశారు. దాన్ని తిప్పే పని స్పీడోమీటరు కేబులుకు అప్పగించారు.

దారిని పొడుగాటి పట్టీగా గీయడం అంతకు చాలా ముందే ఉంది. 1675లో జాన్ ఓగిల్బీ అచ్చు వేసిన ‘బ్రిటానియా’లో 100 పలకల మీద ఇంగ్లండు, వేల్సు ముఖ్యమైన రోడ్లు పట్టీలుగా ఉంటాయి, అంగుళానికి మైలు చొప్పున. కొలత చక్రం దొర్లించుకుంటూ మనుషులు నడిచి తీసిన లెక్కలవి. మన దగ్గర ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా వెళ్తూ ప్రతి మజిలీ రాసుకున్నాడు. దారి ఎలాంటిది, నీళ్ళు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, అన్నీ. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ పట్టుకుని ఇప్పటికీ ఆ ఊళ్ళ వరస చెప్పొచ్చు. ఈ ఊళ్ళ వరసే మనం పోగొట్టుకున్నాం. తెర మీది బాణం గుర్తు వెంట నాలుగు వందల కిలోమీటర్లు వెళ్ళొచ్చినవాణ్ణి మధ్యలో ఏ ఊళ్ళు తగిలాయని అడిగితే నోరు పెగలడం లేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాగితపు చుట్ట బైకుల దగ్గర బాగా నిలబడింది. 1977లో తియరీ సబీన్ అనే ఫ్రెంచి రైడరు ఆఫ్రికా ఎడారిలో మోటార్‌సైకిల్ మీద దారి తప్పి, ప్రాణాలతో బయటపడి, మరుసటేడు డిసెంబరులో పారిస్-డకార్ ర్యాలీ మొదలుపెట్టాడు. ఆ పోటీలో ఏళ్ళ తరబడి బైకువాళ్ళు రాత్రిపూట గుడారంలో కూచుని, మర్నాటి దారి కాగితానికి రంగు పెన్నులతో ప్రమాదాలు గుర్తుపెట్టి, చుట్టగా చుట్టి హ్యాండిల్ మీది పెట్టెలో ఎక్కించేవారు. ఎడమ బొటనవేలి దగ్గర స్విచ్చు నొక్కితే చుట్ట జరుగుతుంది. కుడి చెయ్యి యాక్సిలరేటరు వదిలేది లేదు.

ఉపగ్రహాల కథ అందరికీ తెలిసిందే. మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978లో ఎగిరింది. అయితే మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికా కావాలనే చెడగొట్టి ఇచ్చేది, చోటు వంద మీటర్ల దాకా తేడాగా చూపేది. 2000 మేలో అది ఆపేశాకే ఏ సందులో తిరగాలో చెప్పగలిగే పరికరాలకు అదను దొరికింది. 2005లో టామ్‌టామ్ రైడర్, ఆ వెంటనే గార్మిన్ జూమో 550 వచ్చాయి. ఆ జూమో బొత్తాలు ఎడమ పక్కన ఉండేవి, గ్లౌజులతో నొక్కేంత పెద్దవి. బైకు నడిపే మనిషిని ఎరిగినవాళ్ళు గీసిన బొమ్మ అది.

ఫోను ఉండగా వేరే పరికరం ఎందుకని అడుగుతారు. పెద్ద ఇంజను బైకుల అదురు ఎక్కువ కాలం తగిలితే ఐఫోను కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. ఫోను తగిలించక తప్పదంటే అదురు తగ్గించే స్టాండు వాడాలి. మధ్యాహ్నం ఎండలో ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది, వాన చినుకు పడితే దానంతటదే ఏదో ఒకటి నొక్కుకుంటుంది. నల్లమలలో మన్ననూరు దాటాక మొబైల్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఉపగ్రహం సంకేతం అందుతూనే ఉంటుంది, కానీ పటం ముందే దింపుకోకపోతే ఖాళీ తెర మీద చుక్క ఒక్కటే కనిపిస్తుంది.

ఊళ్ళో తిరిగేవాళ్ళకు రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో తెచ్చిన ట్రిప్పర్ లాంటి చిన్న గుండ్రటి తెర చాలు. బాణం గుర్తు, దూరం, అంతే చూపిస్తుంది. దారి లెక్క ఫోనుది, ఫోను జేబులో భద్రంగా ఉంటుంది. దూర ప్రయాణాలవాళ్ళు మాత్రం విడి పరికరమే తీసుకోవాలంటాను. కొనే ముందు గ్లౌజు తొడుక్కుని, కొట్టు బయట ఎండలో నిలబడి, ఎడమ చేత్తో వాడి చూడండి. కరెంటు బండి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వస్తుందో లేదో, భారతదేశం పటం అందులో ఉందో లేదో, కొత్త పటాలకు మళ్ళీ డబ్బు కట్టాలో అడగండి. ఇంట్లో కంప్యూటరు మీద ఊరూరూ ఎంచి గీసుకున్న దారిని జీపీఎక్స్ ఫైలుగా ఎక్కించుకోనిస్తుందా అన్నది నేనైతే అన్నిటికన్నా ముందు అడుగుతాను. అది లేని పరికరం ఎంత ఖరీదైనదైనా నాకొద్దు.