గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: ముప్పును బట్టి పరీక్ష

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్లే వస్తుంది. అలాగని ఈ హెచ్‌పీవీ సోకిన వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. చాలామందిలో అది రెండేళ్లలోపే దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసినా, కణాలు చెడి క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఇంత గడువిచ్చే జబ్బుకు 2022లో మన దేశంలో సుమారు 80 వేల మంది బలయ్యారు.

ఎవరికి ముప్పెంతో చూసి పరీక్ష చేయాలన్నది ఇప్పటి పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం హెచ్‌పీవీ పరీక్ష 30 ఏళ్లకు మొదలుపెట్టి, 5 నుంచి 10 ఏళ్లకోసారి చేస్తే చాలు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ముప్పు ఆరు రెట్లు. అందుకే వాళ్లకు 25 ఏళ్ల నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయాలి.

సూర్యాపేట జిల్లా పాలకీడు లాంటి మండలంలో ఈ లెక్క ఆశా కార్యకర్త చేతిలోని సీబాక్ (జబ్బుల ముప్పును అంచనా వేసే) ఫారంతో మొదలవుతుంది. 30 దాటినవాళ్ల వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శారీరక శ్రమ, కుటుంబంలో బీపీ, షుగర్ అడిగి స్కోరు వేస్తారు. 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. నిజానికి ఈ స్కోరు బీపీ, షుగర్లను పట్టడానికి పనికొచ్చేదే గానీ హెచ్‌పీవీ ముప్పును చెప్పేది కాదు. స్కోరు తక్కువ వచ్చిందని గర్భాశయ ముఖద్వార పరీక్ష మానేయడానికి లేదు.

కేంద్రం 2016లో ఇచ్చిన విధానం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలి. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ తేలిందేమో చూడడమే ఈ పరీక్ష. చవకైనదే, కానీ చూసే కన్నును బట్టి ఫలితం మారుతుంది. ముట్టు ఆగినవాళ్లలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి నమ్మకం ఇంకా తగ్గుతుంది. హైదరాబాద్ శివారు మేడ్చల్‌లో మూడు పరీక్షలను పోల్చి 2010లో ప్రచురించిన అధ్యయనంలోనూ పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి తీసిన కణాలను చూసే పరీక్ష), హెచ్‌పీవీ పరీక్షల ముందు వీఐఏ తేలిపోయింది. స్త్రీలు తమ నమూనాను తామే తీసుకునే పద్ధతినీ మేడ్చల్‌లో పరీక్షించి చూశారు. పరీక్ష బల్ల ఎక్కడానికి సిగ్గుపడి రానివాళ్లకు అది మంచి దారి.

తెలుగునాట ఇంకో చిక్కుంది, గర్భసంచి ఆపరేషన్. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అన్న భయంతో తీయించుకున్నవాళ్లూ ఇందులో ఉన్నారు. ముఖద్వారంతో సహా తీసేసి, అంతకుముందు కణాల్లో తేడా ఏదీ లేనివాళ్లకు ఇక పరీక్ష అక్కర్లేదు. సంచి తీసి ముఖద్వారం వదిలేసి ఉంటే మాత్రం పరీక్ష తప్పదు. ఏది తీశారో చాలామందికి తెలియదు కాబట్టి డిశ్చార్జి కాగితం చూడాల్సిందే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల భారతీయ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతమే. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ముప్పు అసలు పరీక్షే జరగకపోవడం. ముందుగా వెతకాల్సింది ఒక్కసారీ పరీక్ష జరగనివాళ్లనే.

ఈ లెక్కలన్నీ ఏ బాధా లేనివాళ్ల కోసం. ముట్టు ఆగాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం పడినా, తెల్లబట్ట దుర్వాసన వేస్తున్నా వయసు, స్కోరు చూసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.