కణానికి అందే చావు కబురు

2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో ఒక రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. దేశంలో ప్రాణవాయువు మోసిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అదే. కరిగిన ఇనుములోని కార్బన్‌ను తొలగించడానికి ఉక్కు ఫ్యాక్టరీలు తయారుచేసుకునే వాయువు ఆ వేసవిలో ఊపిరాడని మనుషులకు ఊపిరైంది. అంత ఆక్సిజన్ ఎందుకు కావలసి వచ్చింది? కొవిడ్‌తో తీవ్రంగా జబ్బుపడ్డవారి ఊపిరితిత్తులను పాడుచేసింది వైరస్ ఒక్కటే కాదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం పంపిన సంకేతాలు హద్దు మీరి సొంత కణాలనే చంపాయి. అలాంటి సంకేతాలను అందుకునే ప్రోటీన్లు కొన్ని కణాల పైపొర మీద ఉంటాయి. వాటినే డెత్ రిసెప్టర్లు, అంటే మరణ గ్రాహకాలు అంటారు.

పేరు భయపెట్టినా అవి లేకపోతే మనం లేము. మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతుంటాయి. పాతబడినవి, పాడైనవి, వైరస్ చొరబడినవి పద్ధతిగా తప్పుకుంటేనే మిగతావి బతుకుతాయి. చమురంతా తోడేసి, ముక్కలుగా కోసి తరలించిన ఓడ రేవుకు హాని చెయ్యదు. అక్కడే మునిగిపోయి చమురు కక్కిన ఓడ రేవంతటినీ పాడుచేస్తుంది. కణం చావులోనూ ఈ రెండు రకాలున్నాయి. పద్ధతిగా సాగే మొదటి రకానికి 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు పరిశోధకులు అపొప్టోసిస్ అని పేరు పెట్టారు.

జ్వరం వచ్చాక కరిగిన కణితి

కథ మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్, బాక్టీరియా సోకి తీవ్ర జ్వరం వచ్చిన కొందరు క్యాన్సర్ రోగుల్లో కణితులు తగ్గిపోవడం గమనించారు. 1891 నుంచి ఆయన రోగులకు బాక్టీరియాను, తర్వాత చంపిన బాక్టీరియా మిశ్రమాన్ని ఎక్కించి చూశారు. కొందరిలో ఫలితం కనిపించింది. కారణం మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు.

జవాబు రావడానికి 1975 దాకా పట్టింది. న్యూయార్క్‌లోనే లాయిడ్ ఓల్డ్, ఎలిజబెత్ కార్స్‌వెల్ బృందం బాక్టీరియా ఎక్కించిన ఎలుకల రక్తరసంలో కణితిని కుళ్లబెట్టే పదార్థం ఉందని చూపి, దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, క్లుప్తంగా టీఎన్ఎఫ్, అని పేరు పెట్టింది. 1984లో దాని జన్యువు చేతికొచ్చింది. క్యాన్సర్‌కు మందు దొరికిందనుకున్నారు. రోగులకు ఇచ్చి చూస్తే చలిజ్వరం కమ్మింది, రక్తపోటు పడిపోయింది. 1985లో బ్రూస్ బ్యూట్లర్, ఆంథనీ సెరామీ అసలు సంగతి తేల్చారు: బాక్టీరియా విషంతో వచ్చే ప్రాణాంతక షాక్‌కు ముఖ్య కారణం ఈ టీఎన్ఎఫే.

గ్రాహకం దొరికింది

కబురు సరే, ఇలాంటి చావు కబుర్లను అందుకునేది ఏది? 1989లో జపాన్‌లో షిన్ యోనెహరా, జర్మనీలో పీటర్ క్రామర్ బృందం ఎవరికి వారే ఒకే చోటికి చేరారు. మానవ కణాల పైపొరకు అతుక్కునే యాంటీబాడీలను తయారుచేస్తే, వాటిలో ఒకటి తగిలిన కణాలు చచ్చిపోయాయి. యాంటీబాడీ పట్టుకున్న ఆ ప్రోటీన్‌కు యోనెహరా ఫాస్ అని పేరు పెట్టారు. 1991లో షిగెకజు నగటా బృందం దాని జన్యువును పట్టుకుంది.

ఫాస్ లేకపోతే ఏమవుతుందో త్వరలోనే తెలిసింది. లింఫ్ గ్రంథులు విపరీతంగా వాచిపోయే ఒక జాతి ఎలుకల్లో ఫాస్ జన్యువే చెడిపోయిందని 1992లో తేలింది. అలాంటి లోపమే కొందరు పిల్లల్లోనూ ఉందని 1995లో బయటపడింది. ఆ పిల్లల్లో పని ముగిసిన తెల్లరక్తకణాలు చావకుండా పోగుపడతాయి. ప్లీహం ఉబ్బుతుంది, రోగనిరోధక శక్తి సొంత రక్తకణాల మీదే దాడి చేస్తుంది. చావు కబురు అందకపోవడమే వాళ్ల జబ్బు.

కబురు కణం లోపలికి చేరే దారిని 1993, 1996 మధ్య గుర్తించారు. గ్రాహకం లోపలి కొసలో డెత్ డొమైన్ అనే భాగం ఉంటుందని 1993లో తెలిసింది. దానికి అతుక్కునే ఫాడ్ అనే ప్రోటీన్‌ను 1995లో మిషిగన్‌లో విశ్వ దీక్షిత్, అరుల్ చిన్నయ్యన్ బృందం, ఇజ్రాయెల్‌లో డేవిడ్ వాలక్ బృందం కనుగొన్నాయి. ఫాడ్ చేరదీసే కత్తెర లాంటి ఎంజైము కాస్పేస్-8 సంగతి 1996లో తేలింది. 1997లో డీఆర్4, డీఆర్5 అనేవి మరణ గ్రాహకాల కుటుంబంలో చేరాయి.

చంపే మందు, ఆపే మందు

ఫాస్‌ను మీట నొక్కినట్టు నొక్కి క్యాన్సర్‌ను చంపాలన్న ఆశ 1993లోనే చెదిరింది. ఫాస్‌ను తాకే యాంటీబాడీ ఎక్కించిన ఎలుకలు కాలేయం పాడై గంటల్లో చనిపోయాయి. డీఆర్4, డీఆర్5లను తాకే మందులను మనుషులు మెరుగ్గానే తట్టుకున్నారు కానీ, పెద్ద ట్రయల్స్‌లో ఆశించిన మేలు కనిపించలేదు. విజయం ఎదురు దిక్కు నుంచి వచ్చింది. టీఎన్ఎఫ్ కబురును దారిలోనే అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్‌సెప్ట్ 1998లో అమెరికాలో అనుమతి పొందాయి. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోతున్న ఎందరికో అవి చేతులు తిరిగి ఇచ్చాయి.

కొత్తగూడెం నుంచి మెంఫిస్‌కు

ఈ చరిత్రలో తాజా అధ్యాయం రాసిన వారిలో మన తిరుమలాదేవి కన్నెగంటి ఉన్నారు. సింగరేణి బొగ్గు ఊరు కొత్తగూడెంలో పుట్టి, ఉస్మానియాలో మొక్కల తెగుళ్లు, బూజు విషాల మీద పీహెచ్‌డీ చేసి, 2007లో అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధన విభాగంలో చేరారు. కణం చావుకు వేర్వేరు దారులున్నాయని అందరూ అనుకుంటున్న కాలంలో, అవి కలిసి ఒకే వ్యవస్థగా పనిచేయగలవని ఆమె బృందం చూపి, దానికి ప్యానాప్టోసిస్ అని పేరు పెట్టింది. 2021 జనవరి ‘సెల్’ పత్రికలో ఆ బృందం కొవిడ్ గురించి ఒక ముఖ్య విషయం ప్రకటించింది. టీఎన్ఎఫ్ ఒక్కటే గానీ, ఇంటర్‌ఫెరాన్-గామా అనే మరో సంకేతం ఒక్కటే గానీ కణాలను అంతగా చంపవు. రెండూ కలిస్తే చంపుతాయి. రెండింటినీ అడ్డుకుంటే కరోనా సోకిన ఎలుకల్లో చావులు తగ్గాయి.

నూట ముప్పై ఏళ్ల వెతుకులాట తేల్చింది ఇదే: ఒకే గ్రాహకం కబురును బట్టి, తోడును బట్టి కాపాడుతుంది, చంపుతుంది. టీఎన్ఎఫ్ గ్రాహకం మామూలుగా కణానికి బతకమనే చెబుతుంది, కాపలా ప్రోటీన్లు తప్పుకున్నప్పుడే చావు వైపు మళ్లిస్తుంది. కనుక ఈ కబురును పూర్తిగా నొక్కేయడమూ ప్రమాదమే. మనలో చాలామంది ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోతున్న క్షయ క్రిములను గోడకట్టి ఆపేది టీఎన్ఎఫే. దాన్ని ఆపే మందుతో క్షయ తిరగబెడుతుందని 2001లోనే వైద్యులు హెచ్చరించారు. క్షయ ఇంకా వదలని మన నేలలో ఇది పుస్తకాల మాట కాదు. కీళ్లవాతానికి ఈ మందు రాసినప్పుడు ముందుగా క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా క్షయ వచ్చి ఉంటే, ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి.