పారితోషికం, పప్పూ ఉప్పూ

మన భాషలో పనికి ఇచ్చే డబ్బుకి బోలెడు పేర్లున్నాయి. గుమాస్తాకి జీతం, కూలీకి కూలి, పురోహితుడికి దక్షిణ, ప్లీడరుకి ఫీజు. రచయిత దగ్గరకి వచ్చేసరికి మాత్రం పారితోషికం అన్నారు. పరితోషం అంటే సంతోషం. మీరు వ్రాసింది చదివితే ముచ్చటేసింది, యిది ఉంచండి, అని దాని భావమన్నమాట. ముచ్చట వేసినప్పుడు ఇచ్చేదాన్ని నమ్ముకుని ఒకటో తారీఖున ఇంటద్దె కట్టడం సాధ్యమా చెప్పండి! శ్రీనాథుడికి రాజుగారు కనకాభిషేకమే చేయించారు. అంతటి కవిసార్వభౌముడూ ఆఖరి రోజుల్లో పన్ను బాకీ తీర్చలేక అవస్థపడ్డాడని చాటువులు చెబుతాయి.

ఈ మాట ఎందుకు ఎత్తుకున్నానంటే, మా పద్మారావు నగర్‌లో, స్కందగిరి గుడి చుట్టుపక్కల వీధుల్లో, కాస్త చదువుకున్న ఇల్లాళ్ళు ఈమధ్య ఒకటే ప్రశ్న వేస్తున్నారు. "అక్కయ్యగారూ, బ్లాగు పెడితే నెలకి ఎంతొస్తుందండీ?" అని. బ్లాగంటే మరేం లేదు, ఎడిటరూ మీరే, రచయిత్రీ మీరే అయిన సొంత పత్రిక, కంప్యూటర్‌లో. అడిగేవాళ్ళలో ట్యూషన్లు మానేసి ఆ పనిలోకి దిగుదామనుకునే వాళ్ళూ ఉన్నారు. అంచేత నవ్వేసి ఊరుకునే విషయం కాదిది. జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. రాజశేఖర చరిత్రము అందులోనే వెలువడింది. అంత వ్రాసినా పంతులుగారు బడిపంతులు ఉద్యోగం వదులుకోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి కథ ఇంకా విచిత్రం. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. ఆ తర్వాతే, 1908లో, అక్కడినుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు పత్రికకి ఆసరా అయింది. చూశారూ, వ్రాతకి డబ్బు వ్రాతలోంచి రాలేదు, పక్కన అమ్ముడుపోయిన సీసాలోంచి వచ్చింది. యీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని ఉంది.

పక్కన సీసా లేనివాళ్ళ గతేమిటి? తెనాలిలో శారద అనే కలంపేరుతో నటరాజన్ అనే అరవ కుర్రాడు హోటల్లో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని కథలూ, నవలలూ వ్రాశాడు. 'మంచీ చెడూ', 'అపస్వరాలు' ఆయనవే. 1955లో, ముప్పై దాటీ దాటకుండానే, పేదరికంలోనే పోయాడు.

మంచిరోజులు రాలేదా అంటే, వచ్చాయి. అవి తెచ్చిందీ ఆడవాళ్ళే. 1960ల నుంచి రచయిత్రుల సీరియళ్ళ కోసం వారపత్రికలు ఎదురుచూశాయి. యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు వరసగా సినిమాలయ్యాయి. 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ'. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చదువుకోవడానికి వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఇక్కడికి అట్టే దూరం లేని సరోజినీదేవి రోడ్డు నుంచి అప్పట్లో వెలువడిన ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' కోసం జనం వారం వారం కాసుకు కూచునేవారు. ఆ రోజుల్లోనూ కేవలం కలం మీద బతికినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగతా అందరికీ పోస్టుమేన్ తెచ్చే మనియార్డరు ఒక పట్టుచీరకో, పిల్లల పుస్తకాలకో సరిపోయేది. తర్వాత ఇంటింటా టీవీ వచ్చింది, అద్దె షాపులు మూతపడ్డాయి. వ్రాసేవాళ్ళు తగ్గిపోయి కాదు సుమండీ, చదివేవాళ్ళ మధ్యాహ్నాలు ఇంకొకరి పాలయ్యాయి.

ఇక బ్లాగుల సంగతి. గూగుల్ కంపెనీ 2003లో యాడ్‌సెన్స్ అనే ఏర్పాటు తెచ్చింది. మీ వ్రాతపక్కన వాళ్ళు ప్రకటన వేస్తారు, వచ్చినదాంట్లో మీకు వాటా ఇస్తారు. నాగేశ్వరరావుగారి అమృతాంజనం సూత్రమే, కాకపోతే సీసా మనది కాదు. ఆ ఏర్పాటులోకి తెలుగు భాషని చేర్చుకున్నది 2018లో. అంతకుముందు పదేళ్ళపాటు 'కూడలి'లో ఒకరినొకరు వెతుక్కుని చదువుకున్న తెలుగు బ్లాగర్లు డబ్బు ఊసే లేకుండా వ్రాసుకున్నారు.

చేతికి వచ్చే వైనం కూడా వినండి. ఖాతాలో 10 డాలర్లు చేరాక మీ చిరునామా నిజమో కాదో చూడటానికి పోస్టులో ఒక రహస్య సంఖ్య పంపుతారు. 100 డాలర్లు నిండితేగాని బ్యాంకులో వెయ్యరు. లెక్క సులువుగా ఉండటానికి వెయ్యిసార్లు చూస్తే ఒక డాలరు వస్తుందనుకుందాం. రోజుకి వందమంది చదివే బ్లాగుకి, అది చిన్న సంఖ్యేమీ కాదు, 100 డాలర్లు నిండటానికి 1,000 రోజులు పడుతుంది. అంటే రెండేళ్ళ తొమ్మిది నెలలు. రూపాయల్లో చూస్తే నెలకి ఏ రెండు మూడు వందలో. కొత్తిమీర, కరివేపాకు ఖర్చన్నమాట.

మరి ఎవరికీ రాదా? ఎందుకు రాదు! మాలతీ చందూర్‌గారిని తలచుకోండి. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో 'ప్రమదావనం' మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. ఉత్తరాలకి జవాబులు, వంటలు, ఇంటి చిట్కాలు, లోకం కబుర్లు. ఇప్పటి బ్లాగులో ఉండేవన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ వంటల పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది. కాని అన్నేళ్ళు తప్పకుండా వారం వారం కనబడిన తర్వాత మాట అది. ఆరు నెలల్లో కాసే చెట్టు కాదు.

ఇంకొక్క హెచ్చరిక. "ఇంట్లో కూచుని లక్షలు" అంటూ వేల రూపాయల ఫీజుతో బ్లాగు పాఠాలు చెబుతామనే వాళ్ళున్నారు. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కినవాళ్ళకి సరదా, తిప్పేవాడికి డబ్బు. ఆ ఫీజు కట్టే ముందు, పాఠం చెప్పేవాడు తిప్పుతున్నాడా, ఎక్కుతున్నాడా అని కాస్త విచారించండి.

కనుక ట్యూషన్లు మానకండి. బ్లాగు మాత్రం నిక్షేపంగా పెట్టండి. దానితోపాటు మీ సీసా ఏదో మీరు చూసుకోండి. కందిపొడి బాగా చేస్తారా, లెక్కలు బాగా చెబుతారా, జాకెట్లు కుడతారా? వ్రాత చదివి నమ్మకం కుదిరిన నలుగురు ఆ పనికోసం మీ గుమ్మంలోకి వస్తే అది జీతం లెక్క. గూగుల్ పంపేది ఎప్పుడు వచ్చినా, పారితోషికం.