తప్పు పెట్టెలో లేదు

హనుమాన్ జంక్షన్ దాటాక డిక్కీలోని వూఫర్ మళ్లీ మూగబోయింది. ముందు స్పీకర్లలో పాట నడుస్తూనే ఉంది, కింది దరువు మాత్రం లేదు. ఆయన సౌండు తగ్గించాడు. కాసేపటికి దరువు తిరిగొచ్చింది. పెంచాడు. పోయింది.

"ఏదో కాలిన వాసనొస్తోందండీ," అంది వెనక సీట్లోంచి భార్య. బిడ్డ ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

కారు పక్కకు తీసి డిక్కీ తెరిచాడు. వూఫర్‌ను నడిపే ఆంప్ మీద పచ్చగా వెలగాల్సిన లైటు ఎర్రగా ఉంది. ఆ ఆంప్ కొత్తదే. పాతది కూడా ఇలాగే ఎర్రలైటు చూపిస్తే, బిగించిన షాపువాళ్లు "ఆంప్ పోయింది సార్" అని తీసేసి దీన్ని పెట్టారు. ఇప్పుడు ఫోన్ చేస్తే, "అయితే వూఫర్ పోయుంటుంది, తీసుకురండి, మార్చేద్దాం" అన్నారు.

మర్నాడు ఆయన ఆ షాపుకు వెళ్లలేదు. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ చేసే ఒక పాత మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లాడు.

"బాబాయ్, వూఫర్ మార్చాలంటున్నారు."

"మారుద్దాంలే. ముందు అది చెడిందో లేదో చూడనీ అబ్బాయ్."

మేస్త్రీ వూఫర్ వైర్లు విప్పి మీటర్ పెట్టాడు. 3.6 ఓమ్‌లు. 4 ఓమ్‌ల వూఫర్‌కి మీటర్‌లో కాస్త తక్కువ చూపించడం మామూలే. కాయిల్ తెగితే రీడింగే రాదు, కాలి అతుక్కుంటే సున్నా దగ్గరికి పడిపోతుంది. కోన్‌ని అరచేత్తో మెల్లగా నొక్కి చూశాడు. గీరుకున్న చప్పుడు లేదు, నొక్కి పట్టినా రీడింగ్ పోలేదు. వూఫర్ బాగుంది. స్టీరియో నుంచి ఆంప్‌ను ఆన్ చేసే సన్నటి రిమోట్ వైరులో 12 వోల్టులు నిలకడగా వస్తున్నాయి. పాట ఆపి ఆంప్ దగ్గర ప్లస్, ఎర్త్ మధ్య చూస్తే 12.5.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా బాబాయ్!"

"పని చేయనప్పుడు చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి, నీకు ఎక్కడ ఆగిపోయిందో ఆ పాటే పెట్టు. సౌండు అంతే పెంచు."

ఇక్కడే అసలు పనితనం ఉంది. దరువు పడ్డప్పుడల్లా ఆంప్ దగ్గర అంకె 9.6కి జారిపోతోంది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 13.9 ఉంది. దారిలో 4.3 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. అంత తక్కువ వోల్టేజీ వస్తే చాలా ఆంప్‌లు తమను తామే ఆపేసుకుంటాయి. ఆ ఎర్రలైటు చెబుతున్నది ఆ సంగతే.

మేస్త్రీ మీటర్‌కి పొడవాటి వైరు తగిలించాడు. బ్యాటరీ ప్లస్ నుంచి ఆంప్ ప్లస్‌కి, దరువు పడుతుండగా 0.5 వోల్టు. ఆ వైరు పొడవుకి అది క్షమించదగ్గదే. తర్వాత ఆంప్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కి పెట్టాడు. 3.8.

"దొరికింది," అన్నాడు.

కార్పెట్ ఎత్తారు. ఎర్త్ వైరు కొసనున్న థింబుల్ పెయింటు మీదే ఒక రేకు స్క్రూతో బిగించి ఉంది. చుట్టూ పెయింటు నల్లగా పొక్కిపోయింది. రాత్రి వాసన అక్కడిదే.

షాపువాళ్లు ఆ ఎర్త్‌ని మీటర్ బీప్‌తోనే చూసి ఉంటారు. కూత వినబడుతుంది, సందేహం లేదు. ఎందుకంటే ఆ ఆంప్ 35 ఆంపియర్లు లాగినప్పుడు 3.8 వోల్టులు పోగొట్టడానికి 0.11 ఓమ్ చాలు. మామూలు మీటర్ సూదుల వైర్లకే అంతకన్నా ఎక్కువ రెసిస్టెన్స్ ఉండొచ్చు. అంత సన్నటి లోపాన్ని బీప్ పట్టలేదు. కానీ దరువు పడిన ప్రతిసారీ ఆ స్క్రూ దగ్గర 130 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో చూడాలి. ఇది గొప్ప రహస్యమేమీ కాదు, పావుగంట ఓపిక. ఆ ఓపిక పెట్టకుండా కొత్త పెట్టె అమ్మడం నా దృష్టిలో కొన్నవాడికి చేసిన అన్యాయమే.

మేస్త్రీ బ్యాటరీ మైనస్ విప్పాడు. ఉప్పు కాగితంతో రేకు తళతళలాడేదాకా పెయింటు గీకాడు. కొత్త థింబుల్ నొక్కి, పళ్ల వాషర్ వేసి, బోల్టు నట్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాడు.

"అయిపోయిందా బాబాయ్?"

"ఎర్త్ అయింది. ప్లస్ వైరు ఎలా వచ్చిందో చూడొద్దూ?"

బానెట్ ఎత్తాక మేస్త్రీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. బ్యాటరీ నుంచి ఎర్ర వైరు తిన్నగా లోపలికి పోయింది. మధ్యలో ఫ్యూజు లేదు. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో రంధ్రం చేసి, రబ్బరు గ్రోమెట్ వేయకుండా దూర్చారు. రేకు అంచు వైరు తొడుగును కోసుకుంటూ వచ్చింది. లోపల రాగి మెరుస్తోంది.

"ఆంప్‌కి ఫ్యూజు ఉంది కదా," అన్నాడాయన.

"అది ఆంప్ కోసం. వైరు ఇక్కడ బాడీకి తగిలితే కరెంటు ఆంప్ దాకా పోనే పోదు. బ్యాటరీలో ఉన్న బలమంతా ఈ వైరులోనే దిగుతుంది. దీన్ని కాపాడే ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి."

ఆయన వెనక సీటు వైపు చూశాడు. ఆ వైరు పోయేది దాని కిందనుంచే.

వైరు మార్చారు. గ్రోమెట్ వేశారు. దాని మందానికి తగిన 60 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీ పక్కనే పెట్టారు. మళ్లీ అదే పాట, అంతే సౌండు. ఎర్త్ వైపు 0.1 వోల్టు కూడా పోలేదు. లైటు పచ్చగానే ఉంది. వూఫర్ పాతదే.

మీ కారులో విడిగా బిగించిన ఆంప్ ఉంటే ఈరోజే బానెట్ ఎత్తండి. బ్యాటరీ ప్లస్ నుంచి లోపలికి పోయే లావుపాటి వైరు వెంట చూడండి. రెండు జానల లోపు ఫ్యూజు కనిపించకపోతే, ఆ వైరును బ్యాటరీ దగ్గర విప్పించి, కొసకు టేపు చుట్టించండి. ఫ్యూజు పడేదాకా వూఫర్ లేకుండానే తిరగండి.